చెల్లప్పన్ నోటి పరీక్ష

చనిపోయినవాణ్ణి పేరు పెట్టి పిలవడం దొరైస్వామి అంతకు ముందెప్పుడూ వినలేదు. వసారాలో నిలబడి జవాను నరసింహన్, లోపలున్న తెల్లదొరకు వినపడాలన్నట్టు గొంతు పెంచి, "మొస్యే చెల్లప్పన్, ఫిస్ ద వీరాసామి" అన్నాడు, వీరాసామి కొడుకు చెల్లప్పన్ రావాలని. ఆ పిలుపు వసారా పొడుగునా పోయి, సున్నం స్తంభాల మధ్య తిరిగి, బెంచీల మీద వరస కోసం కూర్చున్న విద్యార్థుల దగ్గర ఆగిపోయింది. ఎవరూ లేవలేదు. ఎలా లేస్తారు? చెల్లప్పన్ నిన్న తెల్లవారుజామున వాంతిబేదితో పోయాడు, పొద్దెక్కక ముందే తీసుకుపోయారు. ఆ సంగతి నరసింహన్‌కు తెలుసు, బెంచీల మీది పిల్లలకు తెలుసు, బల్లకు అవతలి కొసన కళ్ళద్దాలు తుడుచుకుంటున్న మొస్యే రువెల్‌కూ తెలుసు. పొద్దున దొరైస్వామే చెప్పాడు. రసాయన శాస్త్రపు ఆచార్యుడు మొస్యే రువెల్ తల వంచి విన్నాడు, "పాపం" అన్నాడు, కాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు, ఆ తర్వాత "మునిసిపాలిటీ నుంచి మరణ పత్రం వచ్చిందా?" అని అడిగాడు. రాలేదు. "అయితే మనకు అతను ఇంకా అభ్యర్థే. వరస వచ్చినప్పుడు పిలవాలి. మూడుసార్లు పిలవాలి. అతని వేళ ముగిసేదాకా మనం ఇక్కడే కూర్చోవాలి." కాదనడానికి దొరైస్వామికి మాట దొరకలేదు. ఫ్రెంచి భాషలో తనకు ఎప్పుడూ ఇంతే, నిబంధన గురించి మాట్లాడేటప్పుడు మాటలు బారులు తీరి వస్తాయి, చావు గురించి మాట్లాడాలంటే ఒక్కటీ రాదు.

ఎదురుగా ఖాళీ కుర్చీ. పేము అల్లిక మధ్యలో కాస్త కుంగి ఉంది, పొద్దుటినుంచీ అందులో కూర్చుని లేచినవాళ్ళందరి భయమూ అక్కడే మిగిలిపోయినట్టు. పంకా ఊగినప్పుడల్లా బల్ల మీది చీటీలు లేవబోయి ఆగిపోతున్నాయి. మధ్యాహ్నపు ఎండ గచ్చు మీద పలకలా పడి, చూస్తుండగానే కుర్చీ కాలి వరకూ వచ్చింది. బతికుంటే చెల్లప్పన్ ఇప్పుడిక్కడ కూర్చుని ఉండేవాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బొటనవేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ, తన వైపు చూడకుండా. చూడొద్దని తనే చెప్పాడు కదా. నోటి పరీక్షలో నా మొహం చూడొద్దురా, ఆయన మొహమే చూడు, నా వైపు చూస్తే నేనేదో అందిస్తున్నానని అనుకుంటారు. అందించడం తప్పా? తప్పు కాదు. మాట మరిచిపోయిన అభ్యర్థికి ఒక మాట అందించవచ్చునని నిబంధనల్లోనే ఉంది. కానీ అందించేవాడిదీ అందుకునేవాడిదీ ఒకే ఇంటి భాష అయినప్పుడు, ఆ అందించేవాడు ఈ బల్ల దగ్గర కుర్చీ దొరికిన మొదటి నల్లవాడైనప్పుడు, నిబంధన ఏం చెప్పినా వసారాలో చెప్పుకునేది వేరుగా ఉంటుంది.

మొస్యే రువెల్‌కు మార్కులంటే దేవుడంత నమ్మకం. ఏటా మొదటి పాఠం నాడే నల్లబల్ల మీద రాసి చూపిస్తాడు. ఒక్కొక్క పరీక్షకు ఇరవై మార్కులు. రాత పరీక్షలో వచ్చినదాన్ని మూడింతలు చెయ్యాలి, ప్రయోగశాలలో చేత్తో చేసే పరీక్షలో వచ్చినదాన్ని రెండింతలు, నోటి పరీక్షలో వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు కలుపుకోవాలి. మొత్తం అరవై అయితే గట్టెక్కినట్టు. కానీ మూడింటిలో ఏ ఒక్కదానిలో ఐదుకు తగ్గినా తక్కినవి ఎన్నున్నా తప్పినట్టే. నోటి పరీక్షలో పరీక్షకులిద్దరూ విడివిడిగా చీటీ మీద మార్కులు వేసి, కలిపి సగం చేస్తారు. "నాకు మీ మొహాలు కనపడవు, మీ ఊళ్ళు కనపడవు, తూకమొక్కటే కనపడుతుంది" అంటాడు. నిజంగానే అంటాడు, ఆ నమ్మకంలో మోసం లేదు, అందుకే దాని ముందు దొరైస్వామి చిన్నబోతుంటాడు. చెల్లప్పన్‌కు రాతలో ఎనిమిది వచ్చాయి, మూడింతలు చేస్తే ఇరవై నాలుగు. చేతి పరీక్షలో పద్దెనిమిది, రెండింతలు ముప్పై ఆరు. కలిపితే సరిగ్గా అరవై. నిన్నటి నుంచి దొరైస్వామి ఆ అరవై చుట్టూ తిరుగుతున్నాడు, అన్నం ముందు కూర్చున్నా, జట్కాలో వస్తున్నా. కావలసిన మొత్తం ఆ పిల్లవాడి చేతిలో ఉంది. నోటికి ఐదు చాలు. రాకపోతే సున్న. సున్న అయితే ఆ అరవై ఎందుకూ కొరగాదు.

పద్దెనిమిది. మొస్యే రువెల్ చేతి పరీక్షకు అంత వేసినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజు అందరికీ తలా ఒక తెల్లటి ఉప్పు ఇచ్చారు, అదేమిటో తేల్చి చెప్పాలి. చెల్లప్పన్‌కు వచ్చింది సీసపు ఉప్పు. పొటాషియం అయొడైడు చుక్కలు వెయ్యగానే గొట్టం నిండా పసుపు ముద్ద విరిగింది. అంతటితో సీసమని రాసి వెళ్ళిపోవచ్చు, అందరూ అంతే చేస్తారు. అతను పోలేదు. నీళ్ళు పోసి మళ్ళీ మంట మీద పెట్టాడు. ముద్దంతా కరిగి నీళ్ళలా తేరింది. గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చల్లారనిచ్చాడు. అప్పుడు మొదలయ్యాయి, ఒకటి, ఇంకొకటి, ఇంతింత బంగారు రేకులు, ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియకుండా పుట్టి, తిరుగుతూ, మెరుస్తూ, నెమ్మదిగా కిందికి దిగుతూ. చెల్లప్పన్ జుట్టులో మిల్లు దూది పోగులు అంటుకుని ఉన్నాయి, పొద్దున నూలు మిల్లులో తండ్రికి గంజి ఇచ్చి వచ్చేవాడు. "అయ్యా, చూడండయ్యా" అన్నాడు, తెలుగులో, ఊపిరికన్నా మెల్లగా. పరీక్ష జరుగుతుండగా మాట్లాడకూడదు. దొరైస్వామి చుట్టూ చూశాడు, విననట్టు ముందుకు నడిచాడు. రెండు బల్లలు దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్లవాడు ఇంకా గొట్టాన్ని పట్టుకునే ఉన్నాడు, చూడడానికి ఎవరైనా వస్తారేమోనని ఎదురు చూస్తున్నట్టు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, ఆ రేకులు దిగుతూనే ఉంటాయి. అడుగు చేరవు.

ఈ కట్టడంలో తెలుగు వచ్చినవాళ్ళు ఇద్దరే, తనూ అతనూ. ఇద్దరికీ దాన్ని రాయడం చదవడం రాదు. ఇంట్లో పుట్టి ఇంట్లోనే ఉండిపోయిన భాష. మురుంగపాక్కంలో తన తాతలు పొలాలు చేయించినప్పుడూ అదే భాష, మిల్లు వెనక వీథిలో వీరాసామి ఇంట్లోనూ అదే. కానీ తన తండ్రి ఆ వీథివాళ్ళను గడప లోపలికి రానిచ్చినవాడు కాదు. ఒకనాటి సాయంత్రం ప్రయోగశాలలో అందరూ వెళ్ళిపోయాక, గాజు గొట్టాలు కడుక్కుంటూ, చెల్లప్పనే మొదట మాట్లాడాడు. "అయ్యా, మీరు మావోళ్ళ మాట మాట్లాడతారంట గదా?" మావోళ్ళ మాట. దొరైస్వామికి ముందు కోపం వచ్చింది, తర్వాత ఎందుకో నవ్వు వచ్చింది. ఆ సాయంత్రం క్లోరు వాయువు గురించి చెప్పుకున్నారు. పాఠంలో ఆ వాయువు రంగుకు రెండు మాటలున్నాయి, జోన్ వెర్దాత్ర్, పసుపులోకి ఆకుపచ్చ కలిసినట్టు. చెల్లప్పన్‌కు ఆ రెండో మాట నోరు తిరగదు. "వాళ్ళకు రెండు మాటలెందుకయ్యా? మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పచ్చ అంటే సరిపోయె గదా." నిజమే సుమా అనిపించింది దొరైస్వామికి. పచ్చటి గడప, పచ్చటి చేను. ఒకే మాట. ఇన్నేళ్ళు చదివినా తనకు తోచలేదు.

పోయినేడు నోటి పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. క్లోరు వాయువు రంగు, వాసన చెప్పమన్నాడు మొస్యే రువెల్. చెల్లప్పన్ ఈ కుర్చీలోనే కూర్చుని, "ల క్లోర్ ఎతన్ గాజ్ జోన్" అని మొదలుపెట్టి, "వెర్... వెర్..." అని, ఆగిపోయాడు. గదిలో పంకా చప్పుడు. వసారాలో ఎవరో దగ్గారు. ఆ మాట దొరైస్వామి నాలుక మీద ఉంది, పళ్ళ వెనక వరకూ వచ్చింది, చూడొద్దన్న మాటను మరిచి ఆ పిల్లవాడు ఒక్క క్షణం తన వైపు చూశాడు, దొరైస్వామి పెన్సిలు వైపు చూసుకున్నాడు. మొస్యే రువెల్ చాలాసేపే ఆగాడు, కఠినుడేం కాదు, "మరేదైనా చెప్పండి" అన్నాడు కూడా. అప్పటికి చెల్లప్పన్ నోట్లో ఏ భాషా మిగల్లేదు. ఇద్దరూ నాలుగే వేశారు. మాట్లాడుకోకుండా, ఒకరి చీటీ ఒకరు చూసుకోకుండా. చీటీలు విప్పినప్పుడు మొస్యే రువెల్ సంతోషించాడు, చూశారా మన తూకాలు ఎలా కలిశాయో అని.

"మొస్యే చెల్లప్పన్, ఫిస్ ద వీరాసామి." నరసింహన్ రెండోసారి పిలిచాడు. ఈసారి గొంతు తగ్గింది. బెంచీల మీద ఎవరో "వద్దు సార్" అన్నట్టు వినపడింది, తమిళంలో. మొస్యే రువెల్ గడియారం తీసి చూసి బల్ల మీద పెట్టాడు. సముద్రం హోరు ఈ గదిలోకి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, ఇవాళే అది పిలుపుకు జవాబు చెప్పబోయి చెప్పలేకపోతున్నట్టుంది. దొరైస్వామికి తండ్రి గుర్తొచ్చాడు. తను పరీక్షలు రాసి ఇంటికి పోయినప్పుడల్లా ఆయన ఎన్నొచ్చాయని అడగలేదు, ఎంతమంది మీద వచ్చాయని అడిగేవాడు. ఆయనకు మార్కు అంటే కింద నిలబడ్డవాళ్ళ తలల వరస. నిన్న సాయంత్రం మురుంగపాక్కం పోతూ మిల్లు వీథి మొగలో జట్కా ఆపించాడు దొరైస్వామి. దిగాలనే ఆపించాడు. వీథంతా తెల్లగా ఉంది, శానిటరీ వాళ్ళు వాంతిబేది ఇళ్ళ ముందు చల్లే పొడి. ఆ పొడి వాసన గాలిలో గుప్పుమని వచ్చి గొంతు పట్టుకుంది. క్లోరు. తను ఏటా గాజు గొట్టంలో పుట్టించి, దూరంగా పెట్టి, చేత్తో కొద్దిగా ముక్కు వైపు విసిరి చూపించే వాసన, అక్కడ ఒక వీథి వీథంతా పీలుస్తోంది. ఆ ఇల్లు ఏదో తెలియదు. ఎవరినైనా అడిగితే చెబుతారు. వీరాసామి ఇల్లు యాడ అంటే చాలు. గుర్రం తల విదిలించింది. జట్కావాడు రుమాలు ముక్కుకు కట్టుకుని "పోదామా అయ్యా" అన్నాడు. పోదాం అన్నాడు దొరైస్వామి.

ఆ వాసన ఇప్పుడు కూడా వస్తోంది. తలచుకున్నందుకు వస్తోందనుకున్నాడు. వాసనలు అంతే, పిలిస్తే వస్తాయి. కానీ మొస్యే రువెల్ కూడా ముక్కు ఎగబీల్చి ప్రయోగశాల తలుపు వైపు చూశాడు, ఏదైనా సీసా మూత తెరిచి పెట్టారేమోనని. అదే సమయానికి నరసింహన్ మూడోసారి నోరు తెరిచాడు, "మొస్యే చెల్లప్పన్" అన్నాడు, తండ్రి పేరు చెప్పకముందే వసారా మెట్ల దగ్గరినుంచి ఒక ఆడగొంతు "వస్తా ఉండా" అంది.

బెంచీల మీది పిల్లలు లేచి దారిచ్చారు. ఆమె తలుపు వరకూ వచ్చి గడప అవతలే ఆగింది. నడివయసు మనిషి, సన్నగా, ముతక చీర, చీర కుచ్చెళ్ళ మీద మోకాళ్ళ వరకూ తెల్లటి పొడి. ఆ వాసన ఆమెది. "పిలిచినారు గదా సామీ. వీరాసామి కొడుకని పిలిచినారు. వాడు లేడు. నేను వాడి అమ్మను, మణియమ్మ." ఏడుపు లేదు గొంతులో. ఎక్కడికో చాలా దూరం నడిచి వచ్చి అడ్రసు అడుగుతున్న మనిషిలా మాట్లాడింది.

"ఎవరీమె?" అన్నాడు మొస్యే రువెల్.

"అతని తల్లి."

ఆయన లేచి నిలబడ్డాడు. "కూర్చోమనండి" అన్నాడు. దొరైస్వామి చెప్పాడు. ఆమె గడప దాటి లోపలికి వచ్చింది, కుర్చీ దగ్గర ఆగింది, దాని వీపు మీద వేళ్ళు ఆనించింది. "ఈడ కూకోవాల్సింది వాడు గదా సామీ" అని నిలబడే ఉంది.

"ఎందుకొచ్చినావమ్మా?" అన్నాడు దొరైస్వామి. ఈ గదిలో పదిమంది ఎదుట తన నోట తెలుగు రావడం తనకే వింతగా వినపడింది.

"పోకుంటే సున్న ఏస్తారని వాడే జెప్పినాడు సామీ. కడుపులో నీళ్ళు నిలవక పడి ఉండి గూడా అదే మాట. అమ్మా, పోకుంటే సున్న, పోకుంటే సున్న అని. నేను పోతాలేరా అంటే ఊరుకున్నాడు. మాట ఇచ్చినాను గదా, అందుకని వచ్చినా."

మొస్యే రువెల్ "ఏమంటోంది?" అన్నాడు. దొరైస్వామి ఫ్రెంచిలోకి మార్చి చెప్పాడు. మార్చేటప్పుడు వాక్యం పొట్టిగా అయిపోయింది, అందులో అమ్మా అన్న పిలుపు పోయింది, ఊరుకున్నాడు అన్నది పోయింది, కొడుకు బదులు తల్లి వచ్చిందన్న సంగతి ఒక్కటే మిగిలింది. ఆమె ఆయన మొహం చూసింది, తర్వాత దొరైస్వామిని చూసింది. "ఆ దొరకు జెప్పండి సామీ, నాకు చదువు రాదు. వాడు జెప్పేది మాత్రం వచ్చు. తెల్లారగట్ల మిల్లు సంగు ఊదకముందు నేను పొయ్యి రాజేస్తా ఉంటే, గోడకు ఆనుకోని ఒకటే పాట జెప్తా ఉండేవాడు. ఏడాదంతా అదే. వినీ వినీ నాకూ పట్టుబడి పోయింది. జెప్పనా?"

ఆమె కుర్చీ వీపును గట్టిగా పట్టుకుని, కళ్ళు కిందికి దించి, పిల్లవాడిలాగే ఒకసారి గుటక వేసి, "ల క్లోర్ ఎతన్ గాజ్" అంది. ఆ గొంతు ఆమెది. ఆ విరుపులు ఆమెవి కావు. గాజ్ తర్వాత అతను తీసుకునే ఊపిరి, జోన్ అనే ముందు పెదవులు తడుపుకోవడం, అన్నీ ఉన్నాయి. "జోన్..." అంది. "వెర్..." అంది. "వెర్..." ఆగింది. పంకా కిర్రుమంది. "ఈడనే ఆగేవాడు సామీ. ఈడ ఆగి, మళ్ళా మొదట్నించీ. దీని తర్వాత ఏమొస్తాదో నేను ఎక్కువ సార్లు వినలే." మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది, ల క్లోర్, మళ్ళీ అదే ఊపిరి, మళ్ళీ అదే తడుపు, మళ్ళీ వెర్ దగ్గరికి వచ్చి కొండ అంచున నిలబడ్డట్టు నిలబడింది, కుర్చీ ఖాళీగా ఉంది, పోయినేడు దానిలో కూర్చున్నవాడు తల తిప్పి ఒక్క క్షణం తన వైపు చూశాడు.

"వెర్దాత్ర్" అన్నాడు దొరైస్వామి.

"వెర్దాత్ర్" అంది ఆమె, తేలిగ్గా, ఆ మాట ఎప్పుడూ కష్టమే కానట్టు. "దూన్ ఓదర్ సుఫొకాంత్." అంతే. అయిపోయింది. ఆమె పెద్దగా ఊపిరి వదిలి, మొదటిసారి తలెత్తింది. "దానికి అర్థమేంది సామీ? వాణ్ణి అడిగితే, నీకు తెలీదులేమ్మా అనేవాడు."

చెప్పకుండా ఉండవచ్చు. ఏదో ఒక మాట చెప్పి పంపవచ్చు. "ఒక గాలి అమ్మా. క్లోరు అని. పచ్చగా ఉంటుంది. ఊపిరాడనివ్వని వాసన." ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "మీ వీథిలో నిన్న పొడి చల్లినారు గదా. ఆ వాసన."

ఆమె చీర కొంగు ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. "ఇదా? ఏడాదంతా మా వాడు పాడుకున్నది ఇదేనా?" అంది. తర్వాత కొంగు వదలకుండా, వెనక్కి నడుస్తూ, గడప దాటి వసారాలోకి పోయి, బెంచీ మీద కాక నేల మీద కూర్చుంది.

మొస్యే రువెల్ కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "నా ఎదుటికి వచ్చింది అతను కాదు" అన్నాడు. "అతని నోటి నుంచి నేను విన్నది ఏమీ లేదు. కాబట్టి నేను సున్న వెయ్యాలి. గైర్హాజరు అని రాయలేను, పిలుపుకు జవాబైతే వచ్చింది." చీటీ మీద సున్న వేసి మడిచాడు. "మీకేం వినపడిందో మీరు వెయ్యండి. నాకు చెప్పొద్దు." కిటికీ వైపు తిరిగిపోయాడు. అంతకన్నా ఎక్కువ ఆయన ఇవ్వలేడు, అదైనా ఇస్తాడని దొరైస్వామి అనుకోలేదు. పెన్సిలు చేతిలో ఉంది. లెక్క ఎప్పుడో అయిపోయింది, చెయ్యి దానంతటదే చేసింది. సున్నకు పది కలిపితే పది, సగం ఐదు. ఐదు చాలు. పది అని రాశాడు. ఆ అంకె రాస్తుంటే ఎక్కడో గాజు గొట్టంలో బంగారు రేకు ఒకటి పుట్టి తిరగడం మొదలుపెట్టింది. మొస్యే రువెల్ చీటీలు రెండూ విప్పి చూసి, కలిపి, సగం చేసి, పెద్ద కాగితంలో ఐదు ఎక్కించి సంతకం పెట్టాడు. "మరణ పత్రం రాగానే ఇదంతా కొట్టేస్తారు. తెలుసు కదా?" అన్నాడు. తెలుసు. ఇవాళో రేపో వస్తుంది. వచ్చేదాకా చెల్లప్పన్ పాసైనవాడు.

ఫలితం చదివే వేళకు ముందు ఎవరికీ చెప్పకూడదు. దొరైస్వామి లేచి వసారాలోకి వెళ్ళాడు. బెంచీల మీది పిల్లలు చూస్తుండగానే ఆమె ముందు వంగాడు. "పాసైనాడమ్మా" అన్నాడు.

"నిజంగానా సామీ? నా మొగం జూసి ఏసినారా, వాడి చదువు జూసి ఏసినారా?"

"వాడి చదువు చూసే అమ్మా. చేతి పరీక్షలో వాడికి వచ్చినన్ని ఎవరికీ రాలేదు. ఇది కూడా, నువ్వు చెప్పినావు గదా, అది వాడు చదివిందే. దానికే వేసినాను."

ఆమె తల ఊపింది, ఆ మాటను లోపల ఎక్కడో ఆనించి చూసుకుంటున్నట్టు. లేచి నిలబడింది, చీర దులుపుకుంది, తెల్లటి పొడి గచ్చు మీద రాలింది. రెండడుగులు వేసి ఆగింది. కోపం లేదు, ఎగతాళి లేదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. "మరి పోయినేడు గూడా వాడు ఈ మాట దాకా జెప్పినాడంట గదా సామీ. అప్పుడెందుకు ఎయ్యలే?"

దొరైస్వామి నోరు తెరిచాడు. మిల్లు వైపు నుంచి పని వదిలే సంగు ఊదారు, ఇంత దూరానికి అది దోమ పాటలా సన్నగా వినపడింది. ఆమె ఆ చప్పుడు వైపు తల తిప్పింది. "వాళ్ళ నాయన ఇంటికొచ్చే పొద్దాయ. పోయి జెప్తాను" అని మెట్లు దిగింది. ఎండలో తెల్లటి వీథి, ఆమె నీడ కాళ్ళ చుట్టూ కుదించుకుపోయి ఉంది. ఆమె నడక మామూలు నడకే, కూలికి పోయి వచ్చే మనిషి నడక, మలుపు దాకా ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె పోయాక కూడా ఆ వాసన పోలేదు. అప్పుడెందుకు ఎయ్యలే. నాలుగుకూ ఐదుకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క మాట, ఆ మాట తన నోట్లోనే ఉంది. ఇవాళ కూడా అతను బతికి వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, వెర్ దగ్గర ఆగి తన వైపు చూసి ఉంటే? తను పెన్సిలు వైపు చూసుకుని ఉండేవాడు. తెలుసు. అది మాత్రం ఏ తూకమూ అక్కర్లేకుండా తెలుసు.

లోపలికి వచ్చి కూర్చున్నాడు. నరసింహన్ తర్వాతి పేరు పిలిచాడు. అంతోనిసామి అనే కుర్రవాడు, చేపలపాలెం తమిళ క్రైస్తవుల ఇంటివాడు, వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మొస్యే రువెల్ సున్నపురాయి గురించి అడిగాడు. కుర్రవాడు గడగడా మొదలుపెట్టాడు, కాల్చితే ఏమవుతుందో చెప్పాడు, నీళ్ళు పోస్తే ఏమవుతుందో చెప్పబోయి, మాట తడబడి, ఆగిపోయాడు. బొటనవేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు. దొరైస్వామి బల్ల మీదికి వంగాడు, ఆ కుర్రవాడి కళ్ళలోకి చూశాడు.

"చెప్పు నాయనా" అన్నాడు. "చెప్పు, నేనున్నా గదా."

కుర్రవాడు అర్థం కాక బిత్తరపోయి చూశాడు. ఆ మాట తెలుగులో అన్నానని, మొస్యే రువెల్ కాగితం మీదినుంచి తలెత్తేదాకా దొరైస్వామికి తెలియలేదు.